మోకాళ్ళ లెక్క

సైకిలుకి గాలి కొట్టించాలి. రిపోర్టు ఇరవై కాపీలు తీయించాలి. పదకొండింటికల్లా పురపాలక సభ గోడకి పట్టిక తగిలించాలి. తడబడకుండా మాట్లాడాలి. ఇంటావంటా పదో తరగతి దాటినవాళ్ళు లేని ఇంట్లో డిగ్రీ చదివి, ఆ సభలోనే లెక్కల గుమాస్తాగా చేరిన అమ్మాయికి ఇది మొదటి రిపోర్టు. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేదంటే నెలాఖరుకి ఇంటికే.

సైకిలు తొక్కేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోకపోతే జరిమానా అని ఊళ్ళో ఏడాదిపాటు నిబంధన పెట్టి చూశారు. దాన్ని శాశ్వతం చేయాలా వద్దా అన్నది ఈరోజు తేలాలి. ఆసుపత్రి రిజిస్టరు తిరగేసి ఆమె పట్టిన అంకె ఒకటే: సైకిలు మీంచి పడి తలకి దెబ్బ తగిలినవాళ్ళు ఎనభై నుంచి నలభైకి దిగారు. అది దొరికిన దగ్గర్నుంచి ఆమెకి కాలు నేల మీద నిలవడం లేదు.

"సగం తగ్గాయి నాన్నా," అంది నాలుగోసారి.

సైకిళ్ళు బాగుచేసే నాన్న పంపు ఆపలేదు. "విన్నానే తల్లీ. నా పంక్చర్లూ సగమయ్యాయి. పోయినేడు అతుకుల డబ్బాలు పన్నెండు ఖాళీ చేశాను. ఈ ఏడు ఏడో డబ్బా సగంలోనే ఉంది."

"నీ గిరాకీ పడిపోయిందని చట్టం వద్దంటావా?"

"నా గిరాకీకేం, పాత సైకిళ్ళకి రంగులేసుకుని బతుకుతాను. ట్యూబులకి ఎవరూ హెల్మెట్లు పెట్టలేదు కదా, మరి అవెందుకు తగ్గాయంటావు?"

నవ్వబోయి ఆగిపోయింది. సంచిలోంచి రిజిస్టరు నకలు లాగి, తను వదిలేసిన వరసలో వేలు పెట్టింది. చేతులు, మోకాళ్ళు: నూట అరవై నుంచి తొంభై. సైకిలు సీటు మీదే కాగితం పెట్టి గబగబా లెక్క కట్టింది.

"నాన్నా, తొక్కేవాళ్ళే తగ్గారు."

"అదేగా పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నది. హెల్మెట్ పెట్టుకో, టైమైంది."

సభలో పట్టిక పక్కన నిలబడి, ఇచ్చిన రిపోర్టు తప్పని తనే చెప్పింది. "మోకాళ్ళకి హెల్మెట్ పెట్టుకోరు. అయినా ఆ దెబ్బలూ నూట అరవై నుంచి తొంభైకి తగ్గాయి. ఆ లెక్కన తొక్కేవాళ్ళు తగ్గినందుకే ఎనభై తలదెబ్బలు నలభై అయిదుకి దిగేవి. నలభైకి దిగాయి. ఆ అయిదు తలలూ హెల్మెట్ కాపాడినవి కావచ్చు."

"ఇంతకీ పెట్టుకోవాలా, వద్దా?" అన్నాడు ఓ సభ్యుడు. "గోడ మీద పిల్లిలా మాట్లాడకమ్మా."

"పెట్టుకోవాలండి, నేనూ పెట్టుకునే వచ్చాను. అయిదు తలలు తక్కువా? కానీ జరిమానాకి జడిసి సైకిలే మానేసినవాళ్ళు ఎందరో నేను లెక్కపెట్టలేదు. అది తెలీకుండా చట్టం చేయొద్దు."

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. "ఆ లెక్కకి ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూణ్ణెల్లండి."

"నెలాఖరుకి పోయేదానివి మూణ్ణెల్లెలా చేస్తావు? నీ ఉద్యోగం కాగితం పట్టుకురా, సంతకం పెడతాను. నిర్ణయం అప్పటిదాకా వాయిదా."

మర్నాడు పొద్దున్నే నాలుగు రోడ్ల కూడలిలో తండ్రీకూతుళ్ళు చెరోవైపు నిలబడి సైకిళ్ళు లెక్కపెట్టారు. "నావైపు ముప్ఫై రెండే, నీవైపెన్నే?" అని ఆయన అరుస్తుంటే దారినపోయేవాళ్ళు నవ్వుకున్నారు.

హెల్మెట్ల గురించి ఎవరైనా మీ ముందు ఒకే ఒక్క అంకె పెట్టి వాదిస్తే, ఆ పంక్చర్లు వేసే నాన్నని ఒకసారి తలుచుకోండి.