నొక్కిన చెయ్యి

మా మేనకోడలి చెయ్యి ఏడో నంబరు ప్రెస్సు కింద పడిన క్షణంలో నేను జోకు చెబుతున్నాను.

"మనదీ ప్రెస్సే కదర్రా. పేపరువాళ్లు అచ్చులో అక్షరాలు వేస్తారు, మనం వేళ్లు వేస్తాం."

పక్క వరసలో ఇద్దరు నవ్వారు కూడా. ఆ నవ్వు ఆగకముందే కేక వినిపించింది.

మాది తలుపు బందులు చేసే షెడ్డు. రేకు ముక్కను అచ్చు మీద పెడితే, పైనుంచి ఇనుప దిమ్మె దిగి వంచేసి పోతుంది. ప్రతి ప్రెస్సుకీ రెండు ఆకుపచ్చ బటన్లు, వాటి మధ్య మూరెడు దూరం. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే దిమ్మె దిగాలి. చేతులు రెండూ బటన్ల మీదే ఉంటే అచ్చులో పెట్టడానికి మూడో చెయ్యి ఎవడికుంటుంది? యంత్రం చేసినవాడు అంతదాకా ఆలోచించాడు. మా ఓనరు ఇంకో అడుగు ముందుకేశాడు. ఒక బటన్ మీద సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టేస్తే అది ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. ఒక చెయ్యి నొక్కుతుంటే ఇంకో చెయ్యి రేకు అందిస్తుంది. సరుకు రెండింతలు. ట్యూబు కట్టమని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. రోజుకి ఇన్ని బందులని, కట్టకపోతే అందుకోలేని లెక్క ఒకటి గోడ మీద రాయించాడు, అంతే. "మనం చేసేవి బందులు, చెయ్యనివ్వనిది బందు" అని దాని మీద కూడా జోకు వేసి నవ్వించాను నేను. నన్ను అందరూ మైకు అంటారు.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి మొదట అచ్చు చూశాడు, బీట పడిందేమోనని. తర్వాత పిల్లని చూశాడు. మణికట్టు కింద ఉండాల్సింది రేకుతో కలిసి మడతపడి ఉంది. సరుకు వ్యానులో బందుల పెట్టెల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మేము గేటు దాటిన పావుగంటలో అచ్చు నూనెగుడ్డతో తుడిపించి, ఇంకో అమ్మాయిని అదే స్టూలు మీద కూర్చోబెట్టాడట. స్టూలు ఇంకా తడిగానే ఉందట.

మర్నాడు పొద్దున్నే కాగితం తెచ్చాడు. 'నిబంధనలకు విరుద్ధంగా ఆ అమ్మాయే స్వయంగా ట్యూబు కట్టుకుంది.' కింద నలభైమందీ వేలిముద్రలు వెయ్యాలి.

"దానికి వేళ్లే లేకుండా చేసి, మా వేళ్లు అడుగుతున్నావా?" అంది మా చెల్లెలు, పిల్ల తల్లి. ప్యాకింగులో పనిచేస్తుంది. ఆసుపత్రి వరండాలోంచి నేరుగా షెడ్డుకి వచ్చింది.

"చూడమ్మా, గొడవ పెంచకు. వేస్తే వైద్యం ఓనరుగారు చూసుకుంటారు. లేదంటే పిల్ల మీదే కేసు. అయినా ఒకటి పోతే బతుకు పోతుందా? ఇంకోటి ఉందిగా."

వెల్డరు కుర్రాడు వెళ్లి షట్టరు దించేశాడు.

మొదటి దెబ్బ ఎవరిదో నాకు తెలియదు. రెండోది నాది. అతని పెదవి చిట్లింది. పళ్లు రెండు నేల మీద రేకుముక్కల్లో కలిసిపోయాయి. ఆడవాళ్లు చీపుళ్లతో, బూట్లతో, చేతికందిన దాంతో కొట్టారు. ఏళ్లతరబడి మింగిన తిట్లన్నీ అతని వీపు మీద కక్కారు. ఈడ్చుకెళ్లి ఏడో నంబరు ముందు కూలేశాం. నలుగురు పట్టుకుని కుడిచెయ్యి అచ్చు మీద పరిచారు.

"మైకు బాబాయ్, మేనమామవి నువ్వు. హక్కు నీది. నొక్కు" అన్నాడు వెల్డరు.

"బాబూ, నాకు పిల్లలున్నారు" అన్నాడు సూపర్‌వైజరు.

"నా చెల్లెలికీ ఉంది ఒకతి" అన్నాను.

నొక్కాను.

ఆ చప్పుడు వేరే చెప్పను. బందు వంగినప్పుడు వచ్చేదే. అందరూ కేకలేశారు, కొందరు సంతోషంతో. ఒకామె పక్కకెళ్లి వాంతి చేసుకుంది. అప్పుడు తలెత్తి చూస్తే మేడ మీది అద్దాల గది ఖాళీ. మేము సూపర్‌వైజరుతో తీరిక లేకుండా ఉంటే ఓనరు వెనక మెట్ల మీంచి దిగిపోయాడు.

దెబ్బలకి తల తిరిగిన సూపర్‌వైజరుకి షట్టరు దించినవాడే గుర్తున్నాడట. పోలీసులొచ్చి అతణ్ణే పట్టుకెళ్లారు. వెల్డరుని మూడు రోజులు కొట్టినా నా పేరు చెప్పలేదు. షెడ్డుకు తాళం పడింది. పత్రికల్లో సూపర్‌వైజరు కట్టుతో ఉన్న ఫొటో వచ్చింది. మా పిల్ల ఊసు ఒక్క ముక్క లేదు.

తొమ్మిదో రోజు వెల్డరు తల్లి ఉండే గదిలో కూడాం. కాళ్లు చాపుకునే చోటు లేదు.

"తప్పేముంది? వాడికి తగిన శాస్తి" అన్నాడు ఒకడు.

"శాస్తి సరే, షెడ్డు తెరిస్తే మళ్లీ ట్యూబులేగా" అంది ఇంకొకామె.

"ఇంకొకణ్ణి పెడతారు. వాడి చెయ్యీ తీద్దాం."

"ఎన్ని తీస్తావు? మనకే పెట్టెలు చాలవు ప్యాక్ చెయ్యడానికి."

నవ్వారు. జోకు నాది కాదు. ఆ నవ్వులో నేను లేచాను.

"ఏడో నంబరు మీద ట్యూబు కట్టింది సూపర్‌వైజరు కాదు" అన్నాను. "నేను. పిల్ల లెక్క అందుకోలేకపోతోంది, తీసేస్తామన్నారు. పద, మావయ్య చిటికెలో చూపిస్తాడని నేనే కట్టాను. మీరు వాడి చెయ్యి పెట్టినప్పుడు ఆ ముడి నా కళ్ల ముందే ఉంది. ఎవరైనా అడుగుతారేమోనని తొందరగా నొక్కేశాను."

మా చెల్లెలు లేచి వచ్చి చెంప పగలగొట్టింది. ఇంకోటి. మూడోది కొట్టబోయి చెయ్యి దించింది.

"నాకు తెలుసు అన్నయ్యా. మావయ్య పేరు ఎవరితోనూ అనొద్దని అది నా చేత ఒట్టేయించుకుంది."

"నేను స్టేషనుకి పోతాను" అన్నాను. "ఆ కుర్రాణ్ణి విడిపిస్తాను."

"పోదువుగాని. ముందు ప్రెస్సులన్నిటి ముళ్లూ విప్పు. వాడి చెయ్యి నా కూతురి మణికట్టుకి అతకలేదు. ఇంకో పిల్ల చెయ్యి పోకుండా చూడు, అప్పుడు మాట్లాడు."

ఇప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, కార్మిక సభల్లో విద్యార్థులు నన్ను అడుగుతుంటారు, చట్టం పట్టించుకోనప్పుడు మనమే శిక్షిస్తే తప్పా అని. ఆ సూపర్‌వైజరు కోసం నేనింతవరకు కన్నీరు కార్చలేదు, కార్చను కూడా. నాకు తెలిసింది ఒక్కటే. ఆ బటన్ నొక్కినప్పుడు నేను తీర్పు చెప్పలేదు, దాక్కున్నాను. నాతోపాటు ఓనరూ దాక్కున్నాడు, అదే గుంపు వెనక.

ఆర్డర్లు ఆగిపోయి, పదకొండో రోజు షెడ్డు తెరిచారు. కుర్రాణ్ణి ఇంకా వదల్లేదు. మేము లోపలికెళ్లి కత్తెరలతో ట్యూబులన్నీ కోసి పారేశాం. రెండు చేతులతో నొక్కాం. రేకు పెట్టు, చేతులు తియ్యి, నొక్కు. సరుకు సగానికి పడింది. మూడో రోజు ఓనరు స్వయంగా దిగాడు. పక్కన ఇన్‌స్పెక్టరు, వెనక లాఠీలు, జేబునిండా ట్యూబు ముక్కలతో కొత్త సూపర్‌వైజరు.

"కట్టండి" అన్నాడు ఓనరు.

ప్యాకింగు వదిలి ఆ రోజు ప్రెస్సు మీద కూర్చున్న మా చెల్లెలు లేచింది. కొత్తవాడి చేతిలోంచి ట్యూబు తీసుకుని తనే ఒక బటన్‌కి కట్టింది. స్టూలు తుడిచింది.

"కూర్చోండి బాబూ. ఒక్క బందు చేసి చూపించండి. మీరు ఒక్కటి చేస్తే మేము వేలు చేస్తాం."

షెడ్డంతా ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు కూడా ఆయన వైపే చూశాడు.

"ఒక్కటే బాబూ. ఇంతమంది పోలీసులున్నారు, భయమెందుకు?"

ఓనరు రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

ముందు ఎవరు నవ్వారో గానీ నలభైమందీ నవ్వారు. ఒక కానిస్టేబులు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఓనరు మెడ ఎర్రబడింది. "లేపండి వీళ్లని" అని అరిచాడు.

"ఒక్క నిమిషం సార్" అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "ఆ రోజు నొక్కింది వెల్డరు కాదు, నేను. ఆ కుర్రాణ్ణి వదిలెయ్యండి. ట్యూబు కట్టిందీ నేనే. కట్టక తప్పని లెక్క గోడ మీద ఉంది, చదువుకోండి. రాయించినాయన మీ పక్కనే ఉన్నారు."

నాకు బేడీలు వేశారు. గోడ వైపు ఇన్‌స్పెక్టరు చూడలేదు.

లాఠీలు మణికట్ల మీదే పడ్డాయి, బటన్ల మీంచి చేతులు తీయించడానికి. మా చెల్లెలి ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకు గేటు దాకా వినిపించింది. విరిగిన చేత్తోనే మళ్లీ నొక్కింది. పక్కామె తలలోంచి కారిన నెత్తురు కంట్లో పడుతుంటే, భుజంతో తుడుచుకుని రేకు పెట్టింది. ఒక్కరూ ట్యూబు ముట్టుకోలేదు, ఒక్కరూ స్టూలు దిగలేదు.

నన్ను వ్యాను ఎక్కించారు. లోపలి నుంచి ప్రెస్సుల చప్పుడు వస్తూనే ఉంది, రేకు పెట్టి చేతులు తీసేంత వ్యవధి ఇచ్చి ఒక్కొక్కటిగా. మలుపు తిరిగేదాకా లెక్కపెట్టాను. ఏ ఒక్కటీ తొందరపడలేదు.