పిల్లలకి గాలి

రంగుల ఫ్యాక్టరీ వదిలే ఊదా నీళ్లను శుభ్రం చేయడానికి మా ట్యాంకులో బ్యాక్టీరియాను పెంచుతాం. వాటికి పిల్లలని పేరు పెట్టింది మా తమ్ముడే. పెళ్లీ పెటాకులూ లేని వెధవకి అవే సంతానం. అవి రంగు తిని నీళ్లు తేటపడితే తెగ మురిసిపోయేవాడు. ట్యాంకులో గాలి తగ్గిందా, ఫోనెత్తి మా ఆయన ప్రాణం తీసేవాడు. "బావా, ఊపిరాడట్లేదు!" అనగానే ఈయన ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయరు పెంచేవాడు. రోజూ ఇదే భాగోతం.

ఆ రోజు బురద తోడే పంపు పట్టేసింది. బురద గుంటలో విషవాయువు ఉంటుందని తెలియనివాళ్లు లేరు. గాలి పరీక్ష చేసేవాళ్లు వచ్చేదాకా మేనేజరు ఆగనిచ్చాడా? "రెండు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడట. మాతో ఒక్క ముక్క చెప్పకుండా మా తమ్ముడు, మొండిఘటం, గుంటలోకి దిగాడు.

నేను ల్యాబులో మైక్రోస్కోపు ముందున్నాను. పక్కనే మా ఆయన బల్ల మీద ఫోను మోగింది. స్పీకరు పెట్టాడు.

"బావా... ఊపిరాడట్లేదు..."

"పెడుతున్నా లేరా బాబూ! నీ పిల్లలతో చచ్చే చావొచ్చింది!" నవ్వుతూ బ్లోయరు పెంచి ఫోను పెట్టేశాడు.

నా అద్దం కింద అప్పుడే ట్యాంకు నుంచి తెచ్చిన నీటిచుక్క ఉంది. అందులో అన్నీ చకచకా తిరుగుతున్నాయి.

"ఏమండీ, పిల్లలు బానే ఉన్నారు. మరి ఊపిరాడంది ఎవరికి?"

ఇద్దరం పరుగెత్తాం. గుంట మూత తీసి ఉంది. అడుగున వాడు బోర్లా పడి ఉన్నాడు. దూకబోయిన మా ఆయన్ని నడుం పట్టుకుని వెనక్కి లాగాను. మాస్కులవాళ్లు వచ్చి పైకి తీసేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు నీళ్లు తేటగా వచ్చాయని మేనేజరు సంతోషించాడు. వాడి నోట్లో మన్ను పడ!

మా ఆయన ఇంకా ఆ ఫోను దగ్గరే పనిచేస్తున్నాడు. ఊపిరాడట్లేదని ఎవరు ఫోను చేసినా బ్లోయరు ముట్టుకోడు. "ఎవరికి? ఎవరికిరా?" అని అరుస్తాడు. పిల్లలకేనని అవతలివాళ్లు చెప్పేదాకా ఆయన చెయ్యి కదలదు.