వీధిలోకి పోని గొంతు

బుల్లమ్మ టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని తలుపు వారగా నిలబడింది. మగవాళ్ళు కూచున్నప్పుడు అరుగు మీదకి ఆమె వెళ్ళకూడదు. గ్లాసులు చప్పుడైతే మొగుడు త్రినాధరావు వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి పళ్ళెం అందుకుంటాడు. ఆ సాయంత్రం చప్పుడైనా చెయ్యి చాపలేదు. మేకుకి తగిలించిన కొత్త ట్రాన్సిస్టర్‌లో సుశీల పాడుతోంది. అరుగు మీద ముగ్గురూ కళ్ళు మూసుకుని ఉన్నారు. పాట అయ్యేదాకా బుల్లమ్మ కాలుతున్న పళ్ళెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది.

"ఆడదాని గొంతంటే అదీ. మిగతా ఆడోళ్ళంతా ఊరికే నోరెట్టుకుని పుట్టేరు," అన్నాడు త్రినాధరావు, పాట అయ్యేక.

తాతబ్బాయి ఒప్పుకోలేదు. అతను త్రినాధరావుకి వరసకి అక్కయ్యే మనిషిని చేసుకున్నవాడు, రెండిళ్ళ అవతల ఉంటాడు. ఎవరెన్ని పాడినా ఘంటసాల నోరు విప్పితే అందరూ పక్కకి తప్పుకోవలసిందేనని వాదనకి దిగేడు. బెల్లం మార్కెట్టు దారిలో కుట్టుమిషను పెట్టుకున్న నాగూర్ మీరా ఇద్దరి మాటా విని, మంచి గొంతుకి గుర్తు ఒకటేనన్నాడు. "ఊపిరెక్కడ తీసుకున్నారో మనకి తెలీకూడదు బావా. మంచి చొక్కాకి కుట్టు కనబడకూడదు సూడు, అలాగన్నమాట."

అది బాగుందని ముగ్గురూ నవ్వుకున్నారు. అప్పుడు చెయ్యి వెనక్కి వచ్చింది. టీ చల్లారిపోయిందన్న మాట కూడా వచ్చింది.

లోపలికొచ్చి పొయ్యి ఎగదోస్తూ బుల్లమ్మ ఆ దర్జీ మాటే తలచుకుంది. ఊపిరి తెలీకూడదా? ఆమెకి తెలిసింది వేరు. ఏటికొప్పాక అవతల కన్నవారి పల్లెలో ఊడ్పులొస్తే ముందు పాట ఎత్తేది ఆమే. ఒక చరణం ఎత్తి ఆపితే వెనక వరసలో వంగినవాళ్ళంతా అందుకోవాలి. తను ఎక్కడ ఊపిరి తీస్తుందో వాళ్ళకి తెలియాలి. తెలిస్తేనే నడుములు వంగినవాళ్ళు వాళ్ళూ ఓ గుక్క తీసుకోగలరు. మరీ పైకెత్తితే ముసలమ్మలు వెనకబడిపోతారు. మరీ దించితే గట్టు దాటకుండానే గాలి ఎత్తుకుపోతుంది. మోకాలి లోతు బురదలో వెనక్కి అడుగులేస్తూ, వానకి తాటాకు గిడుగు వీపున కట్టుకుని, ఎవరికి ఎంత ఊపిరి మిగిలిందో వెనక్కి చూడకుండానే పట్టుకుని, దాన్నిబట్టి పాట సాగదీసేది, కుదించేది. గొప్ప గొంతంటే నలుగురూ నోరు మూసుకుని వినేదని ఈ రేడియో వచ్చేక తెలిసింది గాని, నలుగురి చేతా నోరు తెరిపించేదే గొంతని అంతదాకా అనుకుంది. బుల్లమ్మ ఉన్న జట్టు దిగితే పొద్దుండగానే మడి అయిపోతుందని రైతులు కబురు పెట్టి మరీ పిలిచేవారు. పాటకి వేరే కూలేమీ లేదు.

పెళ్ళయి అనకాపల్లి గవరపాలెంలో ఈ గడప తొక్కిన వారంలోనే రోలు దగ్గర పప్పు రుబ్బుతూ, చెయ్యి తిరుగుతోంది కదా అని, తెలియకుండానే పాట ఎత్తుకుంది. అత్త కాసులమ్మ పెరట్లోంచి వచ్చి రోలు మీద చెయ్యి వేసి ఆపింది. "ఈ ఇంట్లో కోడళ్ళ గొంతు వీధిలోకి పోదు," అంది. కోపంగా కూడా అనలేదు, ఉప్పు ఎక్కడుంటుందో చెప్పినట్టు చెప్పింది. ఆ రాత్రి మొగుడు ఇంకో మాట కలిపేడు. కమీషను కొట్లో గుమస్తా ఉద్యోగం చేసుకుంటున్నవాడి ఇంట్లోంచి ఆ పాట వినిపిస్తే ఊడుపుకొచ్చిన కూలోళ్ళు ఇల్లు చేరేరనుకుంటారని. ఆ తరవాత ఆ ఇంట్లో ఆమె గొంతుకి మిగిలిన పని 'ఆఁ', 'అలాగే', 'వడ్డించేను'. ఉయ్యాల పాట పాడుకుందామన్నా పిల్లలు లేకపోయారు. కూరలో ఉప్పు తగ్గితే రుచి చూపించగలదు. గొంతు తగ్గుతోందని ఎవరికి చూపిస్తుంది?

మామ పోయిన నాడు మాత్రం గొంతెత్తమన్నారు. శవం దగ్గర కోడలు రాగం తీసి శోకం పెట్టకపోతే ఆ ఇంటికి తలవంపు. ముందు ఇద్దరు ముసలమ్మలు ఏడిచేరు. వాళ్ళు ఆపేక బుల్లమ్మ ఎత్తుకుంది. మామ ఎడ్లనీ, ఆయన కట్టిన బెల్లం పొయ్యినీ, అన్నం తినేముందు వీధిలోకోసారి చూసే అలవాటునీ వరసగా చెప్పుకుంటూ ఏడిచింది. ఎన్నేళ్ళగానో నొక్కిపెట్టిన గొంతు, మదుము తలుపు ఎత్తేస్తే కాలవ పోయినట్టు పోయింది. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు కూడా కదల్లేదు. అరుగు మీద మగవాళ్ళు తువ్వాళ్ళు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు మార్కెట్టులో త్రినాధరావు ఆ సంగతి తనే ఎత్తి చెప్పుకున్నాడట, "మా ఆడది శోకం ఎడితే మీరినాలి," అని.

అప్పట్నించీ చావు ఉన్న ఇళ్ళవాళ్ళు వచ్చి ఆమెని పంపమని అరుగు మీద అడిగేవారు. త్రినాధరావు అక్కడే మాట ఇచ్చేసేవాడు. తాతబ్బాయి పెదనాన్న పోయినప్పుడు బండి తీసుకొచ్చి మరీ ఎక్కించుకుపోయారు. చావింటి ఇల్లాలు చెయ్యి పట్టుకుని నీలాంటి గొంతు ఎక్కడా వినలేదమ్మా అనేది. ఇంటికొస్తే పాచి గిన్నెలు అలాగే ఉండేవి.

ఇది కాదు బుల్లమ్మని కలత పెట్టింది. ఓ పొద్దున్న నీళ్ళు తోడుతుంటే పక్కవీధి పైడిరాజుగారికి సీరియస్‌గా ఉందని ఎవరో అన్నారు. ఆ మాట వినగానే గుండెల్లో ఏదో దీపం వెలిగినట్టయింది. ఏ మాటలు ఎత్తాలి, ఎక్కడ ఆపాలి అని గొంతు దానంతటదే వెతుక్కుంటోంది. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడు. బుల్లమ్మ చేద వదిలేసి నూతి గట్టు మీద కూలబడింది. తను పాడాలంటే ఒకరు పోవాలి. ఎవరి చావు కోసమో కూచున్న రాబందులా తయారయ్యేనా అని తన మీద తనకే భయం వేసింది. ఆ భయం చెప్పుకోడానికి మనిషి లేదు.

ఈ తలపుల్లో ఉండగానే పొయ్యి మీద జావ పొంగింది. బుల్లమ్మ దించి, చల్లార్చి, అత్త మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. కాసులమ్మకి ఎడమ పక్క పడిపోయి మంచం పట్టి చాలా నెలలయింది. ఎత్తి కూచోబెట్టడం, తుడవడం, బట్ట మార్చడం అన్నీ బుల్లమ్మే. కొడుకు పొద్దున్న గుమ్మంలోంచి "ఎలాగుందే?" అని అడుగుతాడు, అత్తకి బదులు కోడలు "బాగుంది" అని చెబుతుంది.

జావ రెండు గుక్కలు తాగి కాసులమ్మ చాలనేసింది. వీధిలో రేడియో ఇంకా పాడుతూనే ఉంది.

"ఓలే, నేను పోతే నన్నెలా ఏడుత్తావు?"

"ఏటత్తా ఆ మాటలు."

"సెప్పు. మీ మామని ఊరంతా కూసోబెట్టి ఏడిసేవు. ఆ సచ్చినోడికేటి వినబడిందని? నాకు బతికుండగా వినాలనుంది."

బుల్లమ్మ ప్రయత్నం చేసింది. 'మా యత్తా' అని ఎత్తుకుంది, సాగలేదు. ఎదురుగా కళ్ళు తెరుచుకుని చూస్తున్న మనిషిని ఎలా ఏడవడం?

"అది కాదులే," అంది కాసులమ్మ. "కొత్తలో రోలు కాడ ఒకటి పాడేవు. నేనే ఆపేసేను. అది పాడు."

ఇన్నేళ్ళూ ఆవిడ దాన్ని మరిచిపోలేదా? బుల్లమ్మ తడిగుడ్డ పిండి పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, పాట ఎత్తింది.

*వంగి నాటే సేతికి వరస తెలుసునే వదినా,*
*వంగిపోయిన నడుముకి వానే తెలుసునే వదినా.*

చివర ఆపింది. అక్కడ వెనక వరస అందుకోవాలి. అది అలవాటు కొద్దీ ఆగడమే గాని, అందుకునేవాళ్ళున్నారని కాదు. అప్పుడు మంచం మీంచి, సగం పడిపోయిన నోట్లోంచి, "వదినా" అని వచ్చింది. గాలి ఎక్కువ, గొంతు తక్కువ. కానీ సరిగ్గా పడవలసిన చోటే పడింది. ఎప్పుడో ఏ మడిలోనో ఈవిడా వెనక వరసలో వంగున్నదే. బుల్లమ్మ ఆవిడ ఊపిరి చూసుకుని రెండో చరణం కుదించి ఎత్తింది. మళ్ళీ ఆపింది. మళ్ళీ వచ్చింది.

గుమ్మంలో త్రినాధరావు నిలబడ్డాడు.

"ఏటది? అరుగు మీద మనుషులున్నారని తెలీదా? వీధిలోకి వినిపిత్తంది."

బుల్లమ్మ అత్త వంక చూసింది. నేనే పాడమన్నానురా అని ఒక్క మాట అంటుందేమోనని. ఒకప్పుడు కేకేస్తే మామ కూడా మాట మింగేసిన మనిషి. కాసులమ్మ కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకుంది. మంచాన పడ్డాక ఆవిడా ఈ ఇంట్లో కోడలే అయిపోయింది.

అతను వెళ్ళి రేడియో పెద్దది చేసేడు. అప్పుడు కాసులమ్మ కుడిచెయ్యి తడుముకుంటూ వచ్చి బుల్లమ్మ వేళ్ళు పట్టుకుంది. "సన్నగా పాడే. నాకొక్కర్తికే వినబడేటట్టు."

అది బుల్లమ్మకి రాని విద్య. మడికి ఈ చివర నించి ఆ చివరకి అందేలా పెరిగిన గొంతు అది. దాన్ని ఒక చెవికి సరిపడా దించడం కష్టమైంది. కొన్నాళ్ళు ఊపిరే వచ్చింది గాని పాట రాలేదు. తరవాత వచ్చింది. ఒళ్ళు తుడుస్తూ, తల దువ్వుతూ, చెవి పక్కకి వంగి పాడేది. కాసులమ్మ "వదినా" అనేది. కొన్నాళ్ళకి మాట పోయి పెదవి మాత్రం కదిలేది. ఊడ్పులవాళ్ళకి ఇచ్చినట్టే ఆ పెదవి కదిలేదాకా బుల్లమ్మ ఆగేది. ఆ ఇంట్లోకి వచ్చేక ఆమెకి ఎవరైనా బదులు పలికింది అప్పుడే.

చెరకు గానుగలు మొదలై వీధంతా బెల్లం వాసన వేస్తున్న రోజుల్లో ఓ పొద్దున్న, బుల్లమ్మ నీళ్ళు తెచ్చి బిందె దించేసరికి కాసులమ్మ పోయింది.

త్రినాధరావు అందరికీ కబురంపేడు. మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది. కమీషను కొట్ల షావుకార్లు కూడా వచ్చారు, వాళ్ళకి బల్లలు వేయించేడు. ముసలమ్మలు ఏదో కాసేపు ఏడిచి ఆపేసేరు. వాళ్ళకీ తెలుసు, జనం ఎవరి కోసం వచ్చేరో. అరుగు మీద గుసగుసలు కూడా ఆగిపోయాయి. రేడియోలో పాట మొదలయ్యే ముందు ఆ ముగ్గురూ ఎలా సర్దుకుని కూచునేవారో, ఊరంతా అలా సర్దుకుని కూచుంది.

బుల్లమ్మ అత్త తల దగ్గర కూచుని ఉంది. నోరు విప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు, అంతే.

త్రినాధరావు లోపలికొచ్చి ఆమె పక్కన వంగేడు. "గొంతెత్తవేటే. అందరూ నీకోసమే సూత్తన్నారు. మా అమ్మకి ఆమాత్రం సెయ్యలేవా?"

బుల్లమ్మ తల ఎత్తి అతన్ని చూసింది. "వీధిలోకి వినిపిత్తాది," అంది. అన్నం వడ్డించేనని చెప్పినట్టే చెప్పింది.

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఈలోగా ఆడవాళ్ళు స్నానం చేయించడానికి బిందెలు తెచ్చేరు. తలకి నూనె పెట్టేటప్పుడు బుల్లమ్మ చెవి దగ్గరికి వంగింది. ఏం చేసిందో ఎవరికీ వినబడలేదు. పెదవులు కదిలేయి, ఆగేయి, మళ్ళీ కదిలేయి. ఎన్ని శోకాలు పెట్టిందో ఊళ్ళోవాళ్ళ కోసం, సొంత అత్తకి ఒక్క మాట రాలేదని, ఎంత కసి దాచుకుందో అని జనం అనుకుంటూ పోయారు. బుల్లమ్మ వాళ్ళని అనుకోనిచ్చింది.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. మంచం ఎత్తేసిన చోటు నేల తెల్లగా, మంచం ఆకారంలో మిగిలింది. మర్నాడు పొద్దున్న బుల్లమ్మ అది అలికేసి, పప్పు కడుక్కుని రోలు దగ్గర కూచుంది. చెయ్యి తిరగడం మొదలెట్టగానే అలవాటు కొద్దీ సన్నగా పాట వచ్చింది. ఒక చరణం పాడి ఆగింది. సన్నగా పాడింది ఒక్కర్తి కోసం. ఆ ఒక్కర్తీ లేదు. ఇంకా సన్నగా ఎవరికి పాడుతున్నట్టు?

రెండో చరణం పూర్తి గొంతుతో ఎత్తింది. మడి ఈ గట్టు నించి ఆ గట్టుకి ఎత్తినట్టు.

వీధిలో చెంబులు దించిన చప్పుడైంది. ఎవరో పరుగెత్తుకొచ్చారు. ముడి ఊడిన జుట్టుతో పక్కింటి చిన్నమ్మలు, వెనక ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు, నోట్లో పళ్ళపొడితో తువ్వాలు భుజాన వేసుకుని తాతబ్బాయి. పెరట్లో గడ్డం గీసుకుంటున్న త్రినాధరావు సగం మొహం నురగతో వచ్చి నిలబడ్డాడు. వాకిలి నిండిపోయింది.

"ఎవరు? ఎవరు పోయేరే?" అన్నాడు తాతబ్బాయి రొప్పుతూ.

త్రినాధరావు ఏదో అనబోయేడు. ఆ వాకిట్లో వీధంతా నిలబడి ఉంది. అతను చేత్తో మొహం మీద నురగ తుడుచుకున్నాడు.

"ఎవరూ పోలేదన్నయ్యా," అంది బుల్లమ్మ. "పప్పు రుబ్బుతన్నాను."

మళ్ళీ ఎత్తుకుంది. వంగి నాటే చేతి దగ్గరికి వచ్చింది, వదినా దగ్గర ఆగింది. వాకిట్లో అంతమంది ఆడవాళ్ళున్నారు, పెదవి కదిపినవాళ్ళు లేరు. ఒక ముసలి ఊపిరికి ఎంత సేపు కావాలో అంత సేపూ బుల్లమ్మ ఆగి, తరవాతి చరణం ఎత్తుకుంది.