మడత పెట్టని పట్టీ

"ఆ వాసన లేని చప్పిడి సబ్బు మానేసి నలుగురూ వాడే సబ్బు వాడరాదూ? ఇవాళన్నా కాస్త మనిషిలా ఉంటావు," అని స్నానాల గది బయటినుంచి అత్తయ్య అన్నప్పుడు నేను మూడోసారి గోళ్ళు తోముకుంటున్నాను. పొద్దున్నే, మా ఆయన లేవకముందే, లవంగాకు బట్టీ పెట్టి దింపాను. ఆ వాసన ఓ పట్టాన వదిలేది కాదు. నాకు పౌడరు లేదు, తలకి వాసన నూనె లేదు. ఉల్లిపాయ నోట పెట్టను గానీ, ఇంట్లో ఐదుగురికీ ఉల్లిపాయలు తరిగేది నేనే, ముక్కుకి గుడ్డ కట్టుకుని. ఎందుకమ్మా ఇదంతా అని తొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. పిసినారిదని ఆడపడుచు తేల్చేసింది.

మా పెరటి షెడ్డులో ఆవిరి బట్టీ ఉంది. నిమ్మగడ్డి, పుదీనా, యూకలిప్టస్, లవంగాకు, ఏ కాలంలో ఏది దొరికితే అది ఆవిరికి పెట్టి నూనె తీస్తాం. నిమ్మగడ్డిని కోశాక ఒకరోజు నీడన వాడ్చాలి. దాని నూనె నీళ్ళ మీద తేలుతుంది, లవంగం నూనె అడుక్కి దిగుతుంది. ఇవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ బట్టీ ఎప్పుడు కట్టెయ్యాలో గడియారం చెప్పదు, ముక్కే చెప్పాలి. కాస్త ఆలస్యమైతే మాడు వాసన కలిసి సరుకంతా పాడైపోతుంది. ఆ ముక్కు మా ఆయనదని అందరూ అనుకుంటారు. ఆయన్ని పిలిచేదే ముక్కు మాస్టారని.

తొమ్మిదేళ్ళ కిందట ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది. పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. లవంగం నూనె సీసా ముక్కు కింద పెట్టుకుని, "మూత తియ్యలేదేమో చూడవే," అన్నారు. మూత నా చేతిలో ఉంది. చంటిపిల్లాడిలా ఏడ్చి, "ఎవరికీ చెప్పకు, నీకు దణ్ణం పెడతాను," అన్నారు. నాకు నిజంగానే జాలేసింది. ఉపాయం కూడా నేనే చెప్పాను. కొనేవాళ్ళు పరీక్షకి తెచ్చే నూనెల్లో కాగితం పట్టీలు ముంచి ఆయనకి అందించేది ఎలాగూ నేనే కదా. చుక్క దులుపుతున్నట్టు నటిస్తూ వాసన చూస్తాను. సరుకు మంచిదైతే పట్టీ తిన్నగా ఇస్తాను, కల్తీదైతే కొస మడత పెడతాను. ఆయన కళ్ళు మూసుకుని గొప్పగా తీర్పు చెబుతారు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ ఎంతో శుభ్రంగా.

ఇవాళ ఒక నూనెల కంపెనీ నుంచి మేడమ్ వచ్చింది. వాళ్ళ పరీక్షల గదికి ఒక మనిషి కావాలట. ముక్కు మాస్టారి పేరు విని వెతుక్కుంటూ వచ్చింది. ఉద్యోగం వస్తే నన్నూ తీసుకెళ్ళాలని ఆయన ముందే నిర్ణయించేశారు, "హెల్పరుగా ఉందువు గానిలే," అని. అంటే ఇంకో ఇరవయ్యేళ్ళు కొసలు మడత పెట్టడమన్నమాట.

పళ్ళెంలో పట్టీలు పెట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ మూడు చిన్న సీసాలు బల్లమీద పేర్చి, "మీరు కూడా వాసన పోల్చగలరా?" అని నన్నడిగింది.

"అబ్బే, తను సీసాలు కడుగుతుందండీ," మా ఆయన నవ్వారు. "ఒంటినిండా యూకలిప్టస్ కంపు. పక్కన కూర్చోలేక చస్తున్నాను."

గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య కూడా నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చప్పిడి సబ్బూ చప్పిడి బతుకూ ఎవరి కోసం? ఈ కంపు సంగతి ఆయనకి చెప్పిందెవరు? అత్తయ్య చెప్పి ఉంటుంది. నేను ఒంటిని ఏ వాసనా లేకుండా చేసుకుంటే, ఏ వాసనా తెలియని మనిషి నాకు వంక పెడుతున్నాడు.

మొదటి సీసా మూత తీశాను. గులాబీ అని రాసుంది, వచ్చేది గులాబీలా భ్రమపెట్టే జెరేనియం ఆకు వాసన. కొస మడత పెట్టాల్సిందే. నేను పట్టీ ముంచలేదు. పొడి పట్టీ తిన్నగా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చారు. "ఆహా! అసలు సిసలు గులాబీ!"

మేడమ్ ఆ పట్టీ తీసుకుని వాసన చూసింది, వేళ్ళతో తడిమింది. "ఇది తడవనే లేదు కదండీ."

"ముంచడం మర్చిపోయి ఉంటుంది, వట్టి మతిమరుపు మనిషి."

"మరి గులాబీ అన్నారు?"

ఆయన మొహం కందిపోయింది. "గదంతా దీని యూకలిప్టస్ కంపేనండీ! ఇందులో ఏ ముక్కు మాత్రం పనిచేస్తుంది?" అని, కాపాడమన్నట్టు నా వంక చూశారు. తిడుతూనే కాపాడమంటారు. తొమ్మిదేళ్ళూ ఇదే వరస.

"నేను మర్చిపోలేదండీ," అని నా చెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. "యూకలిప్టస్ బట్టీ పెట్టి నెల దాటింది. పొద్దుట్నుంచి నా చేతికి ఏ వాసన అంటుకుందో చెప్పండి."

ఆయన వాసన చూశారు. ఎంతో సేపు చూశారు. గుమ్మంలోంచి అత్తయ్య, "చెప్పరా, నాకిక్కడికే వస్తోంది!" అంది పాపం, కొడుక్కి సాయం చేస్తున్నాననుకుని.

"యూకలిప్టసే," అన్నారాయన మాట మార్చలేక గొణుగుతూ.

"లవంగం," అంది మేడమ్ మెల్లగా.

నాకు ఆయన మీద జాలి వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాను, రాలేదు. పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టి, మేడమ్ ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మొదటిది గులాబీ కాదండీ, మూడొంతులు జెరేనియం ఆకే," అన్నాను. "ఏమండీ, రెండో సీసాలో పట్టీ ముంచి ఇలా ఇవ్వండి. మడతలేం అక్కర్లేదు."