మామగారి పళ్ళెంలో పీచ్ పండు

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి ఫోనులో వీడియోలు చూడడం నేర్పినవాడెవడో గాని, వాడికి ఉన్‌సుక్ ఉసురు తగలక మానదు. అత్తగారు బున్‌రే పొద్దున లేచింది మొదలు చూసేవి అవే. బేకరీల ముందు జనం బారులు తీరడం, బియ్యప్పిండి పొర చుట్టిన తెల్లటి ఉండను కత్తితో కోసి లోపలి క్రీమునూ పండునూ చూపించడం. మోకాళ్ళ నొప్పులని వంటింటి గడప తొక్కని మనిషి, కొరియాలోని ఆ దేగు ఊళ్ళో ఏ బేకరీలో ఏం దొరుకుతుందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలదు.

ఈసారి మామగారి ఆబ్దికానికి కొత్త ఆజ్ఞ జారీ అయింది.

"ఏ కొత్త తిండి వచ్చినా ముందు ఆయనే రుచి చూడాల్సిందే. ఆ తెల్ల ఉండలు తెచ్చి పెడదాం. సేరిన్ తెస్తుందిలే. దానికి ఇలాంటివి బాగా తెలుసు."

సేరిన్ చిన్న కోడలు. చర్చికి వెళ్ళే ఇంట్లో పెరిగిన పిల్ల, ఆబ్దికమంటే ఏమిటో నిరుడు ఈ ఇంటికొచ్చాకే చూసింది. పెద్ద కోడలు ఉన్‌సుక్ మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా ఏటా ఆ రోజంతా పొయ్యి ముందు చతికిలబడి చేపముక్కలూ గుమ్మడికాయ చక్రాలూ పిండిలో ముంచి వేయిస్తోంది. "బాగుంది" అన్న ముక్క అత్తగారి నోట ఒక్కనాడూ రాలేదు. నిన్నగాక మొన్న వచ్చినదానికి "బాగా తెలుసు" అన్న బిరుదు! ఉన్‌సుక్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆబ్దికం నాటి పొద్దున సేరిన్ నుంచి మెసేజి వచ్చింది. "అక్కా, లైనులో ఉన్నాను. స్ట్రాబెర్రీలు అయిపోయాయట. ఎండాకాలం కదా, లోపల పీచ్ పండు పెడుతున్నారు. పరవాలేదా?"

పీచ్ పండుంటే ఆత్మలు దగ్గరికి రావని, పెద్దల ముందు అది పెట్టకూడదని ఆ ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. ఉన్‌సుక్ చేతి పిండి తుడుచుకుని తీరిగ్గా జవాబు రాసింది. "తీసుకురా. మామగారికి పీచ్ పండంటే ప్రాణం."

అందులో అబద్ధమేమీ లేదు. బతికుండగా ఆయన ఒక్కడే బుట్టెడు తినేవాడు.

సాయంత్రం ఫోటో ముందు బల్ల సర్దారు. కొడుకులిద్దరూ సూట్లు తగిలించుకుని, పనేదీ కంటబడకుండా గోడలు చూస్తూ నిలబడ్డారు. అత్తగారు ఆనవాయితీ ప్రకారం ఆపిల్‌కూ పియర్‌కూ నెత్తి చెక్కి, ఆ ఊపులోనే తెల్ల ఉండకూ నెత్తి కోసింది.

"ఇదేమిటే?"

"పీచ్ పండు అత్తయ్యా. ఈ కాలంలో..."

"ఏడాదికోసారి వచ్చే మనిషిని గుమ్మంలోంచే తరిమేద్దామనా? మీ చర్చిలో ఇదేనా నేర్పింది? తియ్ అవతలికి! ఇవాళ నువ్వు దండం పెట్టక్కర్లేదు. పైయేడు అసలు రానే అక్కర్లేదు."

అందరూ తినడానికనుకున్నాను గాని బల్ల మీదికి అనుకోలేదని చెప్పడానికి ఉన్‌సుక్ సిద్ధంగానే ఉంది. కాని సేరిన్ ఫోను తీయలేదు. ఒక్కసారి ఉన్‌సుక్ వంక చూసి, పెట్టె ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. వండి పెట్టుకున్న జవాబు వడ్డించకుండానే మిగిలిపోయింది. ఉన్‌సుక్ వెనకే వెళ్ళింది.

"మెసేజి చూపించలేదేం?"

"చూపిస్తే మిమ్మల్నీ వెళ్ళగొడతారు. అప్పుడా చేపముక్కలు నా మెడకు చుట్టుకుంటాయి. నాకు వేయించడం రాదు."

"నోటికేం తక్కువ లేదు."

"పొద్దున్నుంచీ ఎండలో నిలబడితే మీకూ నోరొస్తుంది. తినండి ఒకటి. నేనేం విషం కలపలేదు. ఆ పని మీరు పొద్దున్నే చేశారుగా."

ఉన్‌సుక్ పంతం కొద్దీ ఒకటి కొరికింది. పైపొర మెత్తగా సాగింది. చల్లటి క్రీము, దాని వెనకే పండు రసం. ఒళ్ళు మండేంత బాగుంది.

"ఎలా ఉంది?" అంది సేరిన్.

"బాగుంది" అన్న ముక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అచ్చం అత్తగారి నోట్లో ఆగిపోయినట్టే. ఆ పోలిక ఉన్‌సుక్‌కు బొత్తిగా నచ్చలేదు.

"బాగుంది," అంది, తిట్టినట్టుగా.

హాల్లో అత్తగారు ఫోటోకు క్షమాపణ చెప్పుకుంటూ, మధ్యమధ్య చిన్న కోడల్ని శపిస్తోంది. ఉన్‌సుక్ మూతికంటిన క్రీము తుడుచుకుని ఎదురుగా నిలబడింది.

"ఆ పిల్లని పిలిచి దండం పెట్టించండి అత్తయ్యా. పీచ్ పండని నాకు పొద్దున్నే తెలుసు. పెట్టకూడదని తెలిసే తెమ్మన్నాను. తప్పు నాది."