దేవునికిచ్చిన విత్తనాల ప్యాకెట్టు

రైతు లేవికి మాట ముందు, ఆలోచన తర్వాత. రెండువేల నాలుగులో పత్తికొండ అంగట్లో పది ప్యాకెట్లు టమోటా విత్తనాలు కొన్నాడు. అందులో ఒకటి సీలైనా విప్పకుండా భార్య వరమ్మ తీసుకుపోయి విత్తనాల ప్రార్థన రోజు చర్చిలో పెట్టేసింది. విత్తే ముందు పిడికెడు గింజలు దేవుని బల్ల మీద పెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. పిడికెడు చాలదా, నిండు ప్యాకెట్టెందుకని లేవి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండలేక నలిగిపోయింది అతనేననుకోండి, అది వేరే సంగతి.

మిగతా తొమ్మిదీ నారుమడిలో చల్లితే పట్టుమని నాలుగు మొలకలు రాలేదు. నీళ్లెక్కువ పెట్టావు, తప్పు నీదే అన్నారు కంపెనీవాళ్లు. ముప్పై ఏళ్లుగా నారు పోస్తున్న మనిషికి నీళ్లు పెట్టడం రాదంట! పంట పోయినదానికంటే ఆ మాటకే లేవికి ఒళ్లు మండింది. కర్నూలు పోయి వినియోగదారుల ఫోరంలో కేసు వేశాడు. కంపెనీ వకీలు ఒక్కటే పట్టు పట్టాడు. అదే లాటులో సీలు విప్పని ప్యాకెట్టు ఉంటే ల్యాబుకు పంపుదాం, లేదంటే రైతు మాట నమ్మేదెట్లా అన్నాడు. లేవి చేతిలో ఖాళీ కవర్లు తప్ప ఏమీ లేవు.

తిరుగు బస్సులో ఆ పదో ప్యాకెట్టు గుర్తొచ్చింది. ఇంటికొచ్చి నీళ్లు నములుతూనే సంగతి వరమ్మకు చెప్పాడు.

"దేవునికిచ్చింది మళ్లా ఎట్లడుగుతాం?" అంది వరమ్మ.

అన్నదే గానీ, మొగుడి మొహం చూసి ఉండబట్టలేక తానే పాస్టరు దావీదురాజు దగ్గరికి పోయింది. వచ్చే పంటకారుకు ఎవరైనా లేనోళ్లకు ఇద్దామని ఆయన దాన్ని బీరువాలో దాచి ఉంచాడు. మారుమాట లేకుండా తీసిచ్చాడు. ఫోరంలో సాక్ష్యం కూడా చెప్పాడు.

ల్యాబు రిపోర్టు వచ్చింది. ఆ గింజల్లో జీవం లేదు. తప్పు రైతుది కాదని తీర్పులో రాశారు. ఆ కాగితం పట్టుకుని లేవి ఎగిరినంత పని చేస్తూ ఇంటికొస్తే, వరమ్మ విషయం విని పొయ్యి దగ్గర కూలబడి కొంగులో మొహం దాచుకుంది.

"సచ్చిన గింజలు దేవునికి పెట్టినా కదయ్యా. శానా తప్పు చేసినా."

లేవి కాగితం పక్కన పడేసి ఆమె దగ్గర కూర్చున్నాడు. మాట్లాడకుండా గడిపిన ఆ రెండు రోజులు తలుచుకుంటే తన మీద తనకే సిగ్గేసింది.

"పిచ్చిదానా, నేను తొమ్మిదీ మట్టిపాలు చేసినా. దేవుడే ఒకటి మనకోసం దాచిపెట్టినాడు."

వరమ్మ కళ్లు తుడుచుకుని అతనికేసి ఓరగా చూసింది.

"ఈతూరి నిండు ప్యాకెట్టు పెడితే మళ్లా మూతి ముడుచుకుంటావా?"

"రెండు పెట్టు," అన్నాడు లేవి.