గేర్ ఆయిల్లో నీళ్ళు

గేర్‌బాక్సుల పనిలో మేస్త్రికి ఉన్న పేరు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. బండి షెడ్డు గేటు దాటి లోపలికి వస్తుండగానే, చేతిలో పని వదలకుండా, కనీసం తల ఎత్తకుండా, దాని రోగమేమిటో చెప్పేసేవాడు. మనిషి మంచి మాటకారి కూడా. బండి ఎందుకు పాడైందో, ఇకమీదట ఎలా నడుపుకోవాలో యజమానిని కూర్చోబెట్టి విడమరిచి చెబితేగానీ తాళం చేతికిచ్చేవాడు కాదు. బాగుచేయడానికి పట్టేదానికంటే చెప్పడానికి పట్టే సమయమే ఎక్కువని షెడ్డులో అందరూ ఆటపట్టించేవాళ్ళు.

అలాంటి మనిషికి ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఉండగా పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ప్రాణం దక్కిందిగానీ మాట దక్కలేదు. పూర్తిగా పోయి ఉంటే అదో దారి. ఒకే ఒక్క మాట మిగిలింది: నీళ్ళు. ఆకలేసినా నీళ్ళే, ఫ్యాను వెయ్యమన్నా నీళ్ళే, తమ్ముడు గుమ్మంలోకి వస్తే ఆ పిలుపూ నీళ్ళే. మాట నేర్పే థెరపిస్టు అతని భార్యకు ఓపిగ్గా చెప్పింది. ఆయన బుర్రలో అన్నీ సరిగ్గానే ఉన్నాయనీ, అనుకున్న మాట నోటిదాకా వచ్చేసరికి ఆ ఒక్క మాటగా మారిపోతోందనీ, కాబట్టి మాటను పట్టుకోవద్దనీ, ముఖాన్నీ చేతినీ చూడమనీ అంది.

భార్య కుట్టుపని చేసేది. ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు, గోడకు వేలాడే కొలతల టేపు, ఎప్పుడూ ఎవరో ఒకరి సగం కుట్టిన బట్టలు. మనిషిని ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు, భుజం కొలత చెప్పగలదు. మొగుడి ముఖం చదవడం ఎంతసేపు అనుకుంది. కొంతవరకు చదివింది కూడా. అతనికి చలేస్తోందా, విసుగేస్తోందా, టీవీ కట్టెయ్యమంటున్నాడా అన్నవి ఇట్టే పట్టేసేది.

థెరపీ కేంద్రం ఊరికి ఆ చివర. మామూలు కారులోకి మేస్త్రిని ఎక్కించడం, దించడం నరకంగా ఉండేది. సీటు మరీ కిందికి, కాలేమో మడత పడదు. చక్రాల కుర్చీతో సహా పట్టే పెద్ద బండి ఉంటే బాగుంటుందని మరిది అన్నాడు. కొత్తది కొనే తాహతు ఎలాగూ లేదు. పాత కార్ల యార్డులో ఒక ఎస్‌యూవీ చూసిపెట్టాడు. ఆటోమేటిక్ బండి కాబట్టి వదినే నేర్చుకుని నడపొచ్చని అతని ఆలోచన. మేస్త్రి దగ్గర పని నేర్చుకున్న పొట్టి ఉంటే వాణ్ణే తీసుకెళ్ళేవాళ్ళు. పొట్టి అని పేరేగానీ తల వంచకుండా ఏ గుమ్మంలోనూ దూరలేడు. కానీ వాడప్పుడు గనుల దగ్గర లారీల పనికి వెళ్ళి ఉన్నాడు. మరిది తనకు తెలిసిన వేరే మెకానిక్కును పిలిచాడు.

ఆ మెకానిక్కు బాగానే చూశాడు. ఇంజను ఆడించాడు, బండి కింద దూరి టార్చి కొట్టాడు, గేర్ ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి వాసన చూశాడు. నూనె ఎర్రగా, శుభ్రంగా ఉంది. వంక పెట్టడానికేమీ లేదన్నాడు. మేస్త్రి చక్రాల కుర్చీని బానెట్ ముందుకు తోశారు. అతను లోపలికి చూశాడు. ముఖం మారిపోయింది. ఎడమ చెయ్యి చాచి రేడియేటరు అంచుమీద వేళ్ళతో గట్టిగా కొట్టాడు.

"నీళ్ళు" అన్నాడు.

భార్య థెరపిస్టు చెప్పినట్టే చేసింది. ఆయన చెయ్యి ఎటుందో చూడమని మెకానిక్కును బతిమాలింది. అతను రేడియేటరు మూత తీసి చూశాడు. ఇంజను వేడిని లాగే కూలెంటు నిండుగా ఉంది. గొట్టాలు తడిమాడు, కింద నేల చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. మేస్త్రి మళ్ళీ కొట్టాడు, మళ్ళీ చూశారు. ఏమీ కనిపించలేదు. యార్డు యజమాని పాపం దాహమేమోనని మంచినీళ్ళ సీసా తెచ్చి అందించాడు. మేస్త్రి ఒక్క విసురు విసిరాడు. సీసా ఎగిరి మరిది బూట్ల మీద పడింది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అందరికీ క్షమాపణ చెప్పుకుంది. చాలాకాలానికి బానెట్ ఎత్తిన బండి చూసేసరికి అన్నకు తన పని గుర్తొచ్చి దుఃఖం పొంగుకొచ్చి ఉంటుందని మరిది అన్నాడు. అక్కడున్న వాళ్ళందరికీ అదే నిజమనిపించింది. ఆమెకూ అనిపించింది. బండి కొన్నారు.

మొదటి కొన్ని నెలలూ బండి వాళ్ళను కడుపులో పెట్టుకుని చూసింది. ఆమె నడపడం నేర్చుకుంది. ముందు భయపడుతూ, తర్వాత ధీమాగా, ఆ తర్వాత పక్క బండ్ల వాళ్ళను లోలోపల తిట్టుకుంటూ. మేస్త్రి ఆమె పక్కన ఎత్తుగా కూర్చుని దారి చూసేవాడు. థెరపీలో రెండు కడ్డీల మధ్య నాలుగడుగులు వేయడం మొదలుపెట్టాడు. కానీ ఇంటికి రాగానే బానెట్ మీద చెయ్యి వేసి ఆ ఒక్క మాటే అనేవాడు. ఆమె బానెట్ ఎత్తి చూపించేది. అంతా బాగానే ఉండేది.

ఒకరోజు బాగాలేదు. కూలెంటు డబ్బాలో గీత కిందికి దిగిపోయి ఉంది. చూడగానే ఆమెకు ఎక్కడలేని సంతోషం కలిగింది. కొట్టుకు పరుగెత్తి కూలెంటు క్యాను తెచ్చింది.

"నాకిప్పటికి అర్థమైంది. మొదట్నుంచీ మీరు చెబుతోంది ఇదే కదండీ. పోస్తున్నా చూడండి" అంది.

క్యాను వంచబోతే మేస్త్రి ఎడమ చేత్తో దాన్ని పట్టుకున్నాడు. సాయం చేస్తున్నాడనుకుంది. అతను వదల్లేదు. ఇద్దరి మధ్యా క్యాను అటూ ఇటూ ఊగి, సగం ఆమె బట్టల మీద ఒలికింది. మిగతా సగం డబ్బాలో పోసింది. తిరిగి చూస్తే అతను ఏడుస్తున్నాడు, నోరు తెరుచుకుని, శబ్దం లేకుండా. ఇన్నాళ్ళకు తన మాట ఒకరికి అందిందన్న ఆనందమని ఆమె అనుకుంది. అతని తల పొట్టకు ఆనించుకుని తనూ ఏడ్చింది. ఆ సాయంత్రం మరిదికి ఫోన్ చేసి ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది. పాత బండ్లు కాస్త తాగుతాయి వదినా, చూసుకుని పోస్తూ ఉండండి అన్నాడు మరిది. ఆమె అలాగే పోస్తూ వచ్చింది.

తర్వాత బండిలో వణుకు మొదలైంది. గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు, నున్నటి రోడ్డు మీదే జలదరించేది. ఒకరోజు థెరపీకి వెళుతుండగా మేస్త్రి ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, తాళం తిప్పి ఇంజను ఆపేయడానికి ఆమె చేతుల మీదుగా ఎడమ చెయ్యి చాచాడు. బండి పక్క వరుసలోకి జరిగింది. వెనకనుంచి లారీ హారను మోగింది. ఆమె ఏం చేస్తోందో తెలియకుండానే ఆ చేతి మీద గట్టిగా కొట్టింది.

అతను చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు. ఫ్లైఓవర్ సగం ఎక్కాక ఇంజను గొంతు పెంచిందిగానీ చక్రాలు కదల్లేదు. ఎంత తొక్కినా అరుపే తప్ప నడక లేదు. వెనక బండ్లన్నీ బారులు తీరి హారన్లు కొడుతుంటే, ఆమె స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయింది. అతని చేతి మీద తన వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

పొట్టి గనుల నుంచి తిరిగొచ్చి మేస్త్రి పాత షెడ్డునే తెరిచాడని తెలిసి, బండిని అక్కడికి లాగించారు. వాడు గేర్ ఆయిల్ పుల్ల తీసి తెల్ల గుడ్డకు తుడిచాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె లేత గులాబీ రంగులో, పాలు కలిపినట్టు నురగగా ఉంది. వాడు ఆమె వైపు చూడలేదు. చక్రాల కుర్చీ వైపు చూశాడు.

"ఏమైందో చెప్పు" అందామె.

"ఈ మోడల్లో గేర్ ఆయిల్ చల్లబడే గొట్టం రేడియేటరు లోపలే ఉంటుంది వదినా. చుట్టూ కూలెంటు, మధ్యలో ఆయిలు. పాతబడ్డాక అది లోపల్లోపలే చిట్లుతుంది. బయటికి చుక్క కారదు. ఆ నీళ్ళన్నీ గేర్‌బాక్సులోకి పోతాయి. లోపల ప్లేట్లకు అంటించిన పొర నీళ్ళు తగిలితే ఊడొచ్చేస్తుంది."

"మరి నేను పోసిన నీళ్ళు?"

పొట్టి గుడ్డను మడతపెట్టాడు, విప్పి మళ్ళీ మడతపెట్టాడు. చిట్లాక ఎవరు పోసినా పోయకపోయినా ఒకటే అన్నాడు. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు, ఆమెకు తెలిసిపోయింది.

"ముందే ఏం చేస్తే సరిపోయేది?"

"కొనగానే రేడియేటరు మార్చేయాలి. లేదంటే ఆయిల్ గొట్టాల్ని దాన్నుంచి తప్పించి, ముందు వైపు వేరే చిన్న కూలరు పెట్టేయాలి. ఒక పూట పని." వాడు బానెట్ దించాడు. "ఈ మోడల్ షెడ్డుకొస్తే, వేరే దేనికొచ్చినా సరే, అన్న ముందు ఆ పనే చేయించేవాడు. నాకు నేర్పింది కూడా ఆయనే."

ఆమె పాత టైరు మీద కూలబడి భర్త వైపు చూసింది. అతను బండిని చూడటం లేదు. ఆమెనే చూస్తూ తల అడ్డంగా ఊపాడు. నీ తప్పు కాదంటున్నాడో, ఇక బాగుపడదంటున్నాడో, ఇంకా అర్థం కాలేదా అంటున్నాడో ఆమెకు తెలియలేదు. ఎన్నో ముఖాలు చదివిన ఆ కళ్ళకు ఆ ఒక్కటీ అందలేదు.

గేర్‌బాక్సు మార్చే స్థోమత లేక బండిని విడిభాగాల వాళ్ళకు ఇచ్చేశారు. థెరపీకి వెళ్ళడం వారానికోసారి, తర్వాత ఎప్పుడైనా ఒకసారి అయింది. కడ్డీల మధ్య వేసిన నాలుగడుగులు మళ్ళీ రెండయ్యాయి. మేస్త్రి ఆ ఉన్న ఒక్క మాట కూడా అనడం మానేశాడు. మీరు ఏమన్నా వింటానని భార్య ఎన్నోసార్లు బతిమాలింది. పొట్టి వచ్చి ఒకరోజు షెడ్డుకు తీసుకెళ్ళాడు. బయట బండి చప్పుడు వినగానే మేస్త్రి కళ్ళు గట్టిగా మూసుకున్నాడట. మర్నాడు రానని చెయ్యి ఊపాడు.

బొమ్మలు గీయమని అడగండి, ఎడమ చేతితోనైనా సరే అని థెరపిస్టు ఫోన్లో సలహా చెప్పింది. బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క, నల్ల గుడ్డ ఒకటి ఇచ్చి భార్య అతని ముందు కూర్చుంది. చాలాసేపు అతను ముట్టుకోలేదు. తర్వాత తీసుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నింపాదిగా ఒక గుండ్రం గీశాడు. దాని పక్కన వంకర గీత. మళ్ళీ ఇంకో గీత, మొదటిదానికి తగిలీ తగలకుండా.

ఆమె దాన్ని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. చక్రమా అంది. గడియారమా అంది. కిటికీయా, గిన్నెయా, నా ముఖమా అంది. ప్రతిదానికీ అతను తల అడ్డంగా ఊపాడు. ముందుగదిలో, కుట్టిన బట్టల కోసం ఎవరో వచ్చి పిలుస్తున్నారు. ఆమె లేవలేదు. తనకు తెలిసిన వస్తువుల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెబుతూనే ఉంది. అతను సుద్దముక్కను మెల్లగా ఆమె చేతిలో పెట్టి, గోడవైపు తిరిగాడు.